గురునాథం పాస్ చేసిన కెమెరా

పోయినవారం మనం రోహిణిని రుఆబాంధాలో ఒక ఇనప గేటు ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా అక్కడే ఉంది. పక్కన ఆమె తండ్రి గురునాథరావు స్కూటరుకి స్టాండు వేస్తున్నాడు. ఆమె చేతిసంచీలో ముప్ఫై వేలున్నాయి, రెండేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి కూడబెట్టుకున్నవి. గేటు లోపలిది పార్థసారథిగారి ఇల్లు. ఆయన ఒకప్పుడు ఉక్కు ప్లాంటులో రైలు పట్టాలు చేసే రైల్ మిల్లులో గురునాథరావుకి పై ఆఫీసరు. ఇప్పుడు తన కెమెరా అమ్మకానికి పెట్టాడు.

బుధవారం పక్కనే ఉతైలో ఎవరిదో పెళ్ళి ఉంది. ఫోటో స్టూడియో నడిపే మణిమాల దీదీ మాట ఒకటే. సొంత కెమెరా ఉంటే రెండో ఫోటోగ్రాఫరుగా రా, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాను అంది. ఇంట్లో అమ్మ నూకమ్మ మాట కూడా ఒకటే. పెళ్ళిళ్ళకి మీ నాన్న తీసుకెళ్ళి మీ నాన్న తీసుకురావాలి, అది కుదరకపోతే మార్చి నెలాఖరుకి సెక్టర్ 7 క్వార్టరు ఖాళీ చేసి ముగ్గురం సొంతూరు బొబ్బిలి పోదాం అంది. అంటే రోహిణి ఈ ఊళ్ళో నిలబడాలంటే రెండు కావాలి. ఒకటి కెమెరా, రెండోది నాన్న స్కూటరు. రెండోదాని గురించి ఆమె ఎప్పుడూ బెంగపడలేదు.

బెంగంతా మొదటిదాని గురించే. కెమెరా కొనాలనుకున్న దగ్గర్నుంచి పిల్లకి కాలు నిలవడం లేదు. పొద్దున్న పళ్ళు తోముకుంటూ ఒక కెమెరా కొనేది, స్నానానికి వెళ్ళేలోపు దాన్ని మనసులోనే అమ్మేసేది. కంటికి ఆనించి చూసేదా, వెనక తెర మీద చూసేదా? బరువైనదా, తేలికైనదా? కొత్తదా, ఎవరో వాడి వదిలేసినదా? ఫోనులో ఒకాయన పాతది ముట్టుకోవద్దంటాడు, ఇంకొకాయన మొదటి కెమెరా కొత్తది కొన్నవాడంత అమాయకుడు లేడంటాడు. చిత్రమేమిటంటే ఇద్దరి మాటా ఆమెకి నిజమే అనిపించేది.

నిన్న సుపేలాలో ఒక షాపుకి వెళ్ళారు. గిరీష్ అనే కుర్రవాడు కొత్త కెమెరాతోపాటు రెండు లెన్సులు, సంచీ, స్టాండు, మెమరీ కార్డు, తుడుచుకునే గుడ్డ అన్నీ కౌంటరు మీద గుట్ట పోశాడు. రోహిణి కళ్ళు ఆ గుట్ట మీదే ఉన్నాయి. గురునాథరావు మాత్రం ఇన్ని ఊరికే ఇస్తున్నావంటే అసలుదాంట్లో ఏం తగ్గించావు బాబూ అని హిందీలో అడిగాడు. గిరీష్ నవ్వేశాడు కానీ మంచివాడే. వెళ్ళేముందు తనే ఒక మాట చెప్పాడు. మీ దగ్గర ఉన్నది ముప్ఫై వేలే అయితే వాడినదే కొనండి, కొనేముందు ఫోను టార్చి వేసి లెన్సు లోపల చూడండి, సాలెపోగుల్లా తెల్లటి బూజు ఉంటే ఆ లెన్సు ముట్టుకోకండి అన్నాడు. రోహిణి ఆ మాట కాగితం మీద రాసుకుంది కూడా.

ఇవాళ పొద్దున్న అన్నాల దగ్గర ఆ చర్చే నడిచింది. నూకమ్మ విని విని విసుగెత్తి, "గుడ్డి కన్నా మెల్ల మేలు గదే. ఏదో ఒకటి కొనేసి ఒగ్గీ," అంది. ఎప్పుడూ కంచంలో మెతుకు వదలని గురునాథరావు అప్పుడు సగం అన్నంలో చెయ్యి కడిగేసుకున్నాడు. రోహిణి అది చూసింది. పులుసులో ఉప్పెక్కువైందేమో అనుకుంది. పదమూడు కెమెరాలు తలలో తిరుగుతున్న పిల్లకి తండ్రి కంచం కనిపిస్తుందా?

ఇంక గేటు తీద్దాం.

పార్థసారథిగారు ఇద్దర్నీ హాల్లో కూర్చోబెట్టాడు. గోడల నిండా పక్షుల ఫోటోలు. అన్నీ రిటైరయ్యాక తీసినవేనట. మెడనొప్పి వచ్చింది, బరువు మొయ్యొద్దన్నారు, అందుకని అమ్మేస్తున్నానన్నాడు. అమ్మబోతే అడవి అంటారు చూడు, ఒక్కడూ ముప్ఫై ఇస్తాననడం లేదని నొచ్చుకున్నాడు. కొనబోతే కొరివి అన్న మిగతా సగం రోహిణికి గుర్తొచ్చింది కానీ పైకి అనలేదు.

ఆయన సంచీ జిప్పు తీసి, మెత్తటి గుడ్డ విప్పి, కెమెరా ఆమె చేతిలో పెట్టాడు. నల్లటి నికాన్. రోహిణి ఇన్నాళ్ళూ చదివిన నంబర్లన్నీ ఆ క్షణం ఎటుపోయాయో తెలియదు. కుడిచెయ్యి దాని పట్టులో ఇమిడిపోయింది, చూపుడువేలు వెళ్ళాల్సిన చోటికి తనంతట తనే వెళ్ళింది. కంటికి ఆనించుకుని కిటికీని చూసింది, గోడ మీది పిచ్చుకని చూసింది, బటన్ నొక్కింది. టక్కున చప్పుడైంది. ఇదే, ఇదే కావాలి అని గుండె కొట్టుకుంది. ఇంతలో తీసింది చూసుకుందామని కెమెరా దించేసరికి పార్థసారథిగారు చటుక్కున లెన్సుకి మూత బిగించేశాడు. అది ఆయన అలవాటు. కెమెరా కంటి మీంచి దిగితే మూత పడాల్సిందే. పెరుగుగిన్నె విషయంలో మా అమ్మమ్మ కూడా అంతే ఉండేది.

"ధర ఇరవై ఎనిమిది," అన్నాడాయన. "కానీ గురునాథం వచ్చాడు కాబట్టి ఒక పని చేద్దాం. అతను చూసి పాస్ అంటే ఇరవై ఎనిమిది. లోపం చూపించాడా, అతనెంతంటే అంత."

ఈ మాట వెనక ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసుంది. గురునాథరావు రైల్ మిల్లులో పట్టాలు తనిఖీ చేసేవాడు. తయారై చల్లారిన పట్టా బల్ల మీదికి రాగానే నడుం వంచేవాడు, ఎడమకన్ను మూసేవాడు, కుడికన్నుతో ఈ చివర్నుంచి ఆ చివరికి చూపు పంపేవాడు. తర్వాత బొటనవేలు ఆ ఇనుము మీద నడిపేవాడు. అప్పుడు గానీ పాస్ అనేవాడు కాదు. గురునాథం కన్ను పడితే పట్టాలో వంకర దానంతటదే ఒప్పేసుకుంటుందని షిఫ్టులో వేళాకోళం ఉండేది. పోయిన జూన్‌లో రిటైరయినప్పుడు ప్లాంటు గేటు బయట దండ వేసి, అదే మాట మైకులో చెప్పి, చప్పట్లు కొట్టారు. రోహిణి ఆ రోజు ఫోనుతో తీసిన ఫోటో ఇంకా ఇంట్లో టీవీ పక్కనే ఉంది.

పార్థసారథిగారు కెమెరా గురునాథరావు చేతికిచ్చాడు. సరిగ్గా అప్పుడే లోపలినుంచి ఆయన భార్య ఛాయగారు కెమెరా బిల్లు కాగితం ఏ డ్రాయర్లో పెట్టారో మీరే వచ్చి చూసుకోండని పిలిచింది. ఆయన ఒళ్ళో ఉన్న పేపరు కుర్చీలో వదిలేసి, చెప్పుల్లేని కాళ్ళతో చప్పుడు లేకుండా లోపలికి వెళ్ళాడు. తల మీద ఫ్యాను గట్టిగా తిరుగుతోంది.

గురునాథరావు కెమెరాని ముందు అరచేతిలో బరువు చూశాడు. బాగుందన్నట్టు తలూపాడు. బొటనవేలు అంచుల మీద, మూలల మీద, కింద స్క్రూ బిగించే చోట మెల్లగా నడిపాడు. రోహిణి మురిసిపోతూ చూస్తోంది. చిన్నప్పుడు స్కూలు బూట్లు కొన్నప్పుడు కూడా కుట్లన్నీ ఇలాగే తడిమి చూసేవాడు. తర్వాత అలవాటు ప్రకారం ఎడమకన్ను గట్టిగా మూసి, కెమెరా కుడికంటికి ఆనించుకుని, కిటికీ వైపు తిరిగాడు. అటునుంచి మెల్లగా ఇటు తిరిగాడు. తీరిగ్గా, పట్టా ఆ చివరిదాకా చూసినట్టు చూశాడు.

"అద్దంలాగుంది," అన్నాడు. "మరక లేదు, మచ్చ లేదు."

లెన్సుకి మూత ఉంది.

రోహిణికి ఎదురుగా, నల్లటి మూత, దాని మీద తెల్లక్షరాలు. ముందు ఆమెకి నవ్వొచ్చింది. నాన్న ఏడిపిస్తున్నాడనుకుంది. కానీ తనిఖీ చేసేటప్పుడు గురునాథరావు ఎప్పుడూ ఎవరితోనూ వేళాకోళం ఆడలేదు. ఆయన ముఖంలో నవ్వు లేదు. మూత పెట్టిన కెమెరాలో చీకటి తప్ప ఏమీ కనిపించదు. ఆ చీకటి ఆయనకి వింతగా అనిపించలేదు.

ఆమె లేచి దగ్గరికి వెళ్ళింది. బటన్ చూపిస్తున్నట్టు చెయ్యి చాపి, చప్పుడు కాకుండా మూత తీసి గుప్పిట్లో పెట్టుకుంది. కెమెరాని కాస్త కుర్చీ వైపు తిప్పింది.

"ఇప్పుడు సూడు నాన్నా. ఏటి కనిపిస్తంది?"

"సారే. పేపరు సదువుకుంటన్నారు," అన్నాడు గురునాథరావు, ఎడమకన్ను మూసే ఉంచి.

కుర్చీ ఖాళీగా ఉంది. పేపరు ఫ్యాను గాలికి ఒక్కటే రెపరెపలాడుతోంది. ఆ చప్పుడు విని సారు తిరిగొచ్చి కూర్చున్నారనుకున్నాడు.

రోహిణి మెల్లగా వెనక్కి వచ్చి కూర్చుంది. ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. అన్నం వదిలేసి లేచిన ముఖం. ఎవరు పిలిచినా కళ్ళతో కాకుండా తలంతా తిప్పి చూడడం. దీపావళి ముందు కుడిభుజం తలుపు చెక్కకి కొట్టుకుని, క్వార్టరు కట్టినవాణ్ణి తిట్టడం. ఇంకొకటి కూడా గుర్తొచ్చింది కానీ అప్పుడు దానికి అర్థం తోచలేదు. కొన్ని నెలలుగా బజారుకి వెళ్ళేటప్పుడు నూకమ్మ భర్తకి కుడిపక్కన నడుస్తోంది. భార్య ఎడమపక్క కదా ఉండాలి అమ్మా అని రోహిణి ఒకసారి ఆటపట్టించింది. ఈ వయసులో ఏ పక్కయితే ఏటే అని నూకమ్మ మాట తప్పించేసింది.

పార్థసారథిగారు బిల్లు పట్టుకుని వచ్చాడు. "ఏమంటావోయ్ గురునాథం?"

"పాస్ సార్."

ఆ మాట అనడంలో మాత్రం పాత గురునాథమే ఉన్నాడు, ఒక్క ముక్క, గట్టిగా. పార్థసారథిగారి ముఖం వెలిగిపోయింది. ఇరవై ఎనిమిది వస్తున్నందుకు కాదు, తన వస్తువుని గురునాథం పాస్ చేసినందుకు. రోహిణి సంచీలో చెయ్యి పెట్టింది. డబ్బు తగిలింది, డబ్బు పక్కన గిరీష్ మాట రాసుకున్న కాగితం తగిలింది. ఇంతసేపూ ఆమె చూడలేదు. నాన్న చూస్తాడు కదా అని చూడలేదు. ఇప్పుడు చూసేవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఒక్కసారి నేనూ చూస్తానండీ అని కెమెరా తీసుకుంది. లెన్సు విప్పి, ఫోను టార్చి వేసి, వెలుతురుకి అడ్డంగా పట్టుకుంది. మధ్యలో శుభ్రంగానే ఉంది. అంచు దగ్గర, లోపలి గాజు మీద, సాలెపోగులా తెల్లగా ఒక కొమ్మ. దాని పక్కన ఇంకో చిన్న కొమ్మ.

బూజు.

ఇదీ పిల్లకి వచ్చిన చిక్కు. చెప్పకపోతే రెండేళ్ళ కష్టం పెట్టి బూజుని కొనుక్కుంటుంది. బుధవారం పెళ్ళిలో లైట్లకి ఎదురుగా తీసిన ప్రతి ఫోటోలో ఆ మసక ఉంటుంది, మణిమాల దీదీ ఒక్కసారి చూసి రెండోసారి పిలవదు. చెప్తే, గురునాథం కన్ను దాటి లోపం పోయిందని ఆ కన్నుని నమ్మిన మనిషి ముందే తేలిపోతుంది. ముప్ఫై నాలుగేళ్ళ పేరు, ఈ హాల్లో, ఈ ఫ్యాను కింద, కన్నకూతురి నోటితో పోతుంది. తనకి డబ్బు మీద కూడా ఆశ ఉందని ఆ క్షణంలో తెలిసి రోహిణి సిగ్గుపడింది. సిగ్గుపడినా ఆశ పోలేదు.

తండ్రి వంక చూసింది. గురునాథరావు చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష రాసి వచ్చిన పిల్లాడిలా నెమ్మదిగా కూర్చున్నాడు.

"సార్," అంది. "నాన్న మొహమాటపడుతున్నారు. పాస్ అన్నది కెమెరా బాడీ వరకే. లెన్సు అంచున బూజుంది, ఇందాక మీరు లోపలికెళ్ళినప్పుడు నాకు చూపించారు. సారు మనసు కష్టపెట్టుకుంటారు, నువ్వే చెప్పమ్మా అన్నారు."

గురునాథరావు తల ఆమె వైపు తిరిగింది. తలంతా తిప్పి చూశాడు.

పార్థసారథిగారు జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు. లెన్సు పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళాడు. ఎంతోసేపు అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. వానాకాలమంతా బీరువాలో పడి ఉంది, అందుకే పట్టి ఉంటుందని తనలో తనే అనుకున్నాడు. తిరిగొచ్చి గురునాథరావు భుజం మీద చెయ్యేశాడు.

"ఉద్యోగం రిటైరయింది గానీ నీ కన్ను రిటైరవలేదోయ్," అన్నాడు.

గురునాథరావు తల దించుకున్నాడు. చూసేవాళ్ళకి అది వినయంలా కనిపించింది.

తర్వాత పని తొందరగానే అయిపోయింది. ఆయన ఆ లెన్సు పక్కన పెట్టేసి, లోపల్నుంచి గుప్పెడంత ఉన్న ఇంకో లెన్సు తెచ్చి తగిలించాడు. ఇది దగ్గరికీ దూరానికీ జరగదు, జరగాల్సింది నువ్వేనన్నాడు. దగ్గరగా కావాలంటే ముందుకి నడువు, అందరూ రావాలంటే వెనక్కి నడువు, ఆర్నెల్లు ఇలా నడిస్తే ఎక్కడ నిలబడాలో కాళ్ళకే తెలుస్తుంది, కొత్తవాళ్ళకి దీన్ని మించిన గురువు లేదన్నాడు. రోహిణి టార్చి వేసి దాన్నీ చూసింది. మధ్యలో చూసింది, అంచులో చూసింది, వెనక గాజు చూసింది. ఈసారి ఎవరి కన్ను మీదా ఆధారపడలేదు. మూడుసార్లు చూశాక డబ్బు తీసింది. ఎంతివ్వాలో గురునాథం చెప్పాలన్నాడాయన. గురునాథరావు మీ ఇష్టమన్నట్టు చెయ్యి తిప్పాడు. పార్థసారథిగారే ఇరవై రెండు అని, ఛార్జరూ సంచీ కూడా ఇచ్చి పంపించాడు.

ఎన్నాళ్ళుగానో కలగన్న కెమెరా భుజాన వేలాడుతుంటే రోహిణి గేటు దాటింది. సంతోషం వస్తుందేమోనని ఎదురుచూసింది. రాలేదు.

స్కూటరు దగ్గర గురునాథరావు హెల్మెట్ కోసం చెయ్యి చాపాడు. చెయ్యి బెత్తెడు పక్కకి పోయి, గాలిని పట్టుకుని, మళ్ళీ సర్దుకుంది. రోజూ ఇలాగే పట్టుకుంటున్నాడేమో, ఇవాళే ఆమె చూసింది.

"మూత ఉండిపోయింది నాన్నా," అంది.

ఆయన అద్దం సరిచేసుకుంటూ ఆగాడు. "ఎప్పుడు?"

"నువ్వు అద్దంలాగుందన్నప్పుడు."

రోడ్డు మీద ఒక ఆటో పోయింది. తర్వాత ఆయన స్కూటరు సీటు మీద చెయ్యి ఆనించి, వేరెవరి సంగతో చెప్తున్నట్టు చెప్పాడు. రిటైరయిన రెండు నెలలకి మబ్బు పట్టినట్టు మొదలైందట. దసరా ముందు ఒక్కడే దుర్గ్ వెళ్ళి చూపించుకున్నాడట. కంటి వెనక నరం ఎండిపోయింది, పోయిన చూపు తిరిగి రాదు, రోజూ చుక్కలమందు వేసుకుంటూ మళ్ళీ మళ్ళీ చూపించుకోవాలని చెప్పారట. మందు స్కూటరు డిక్కీలో ఉందట. రోజూ పొద్దున్నే టైర్లలో గాలి చూసొస్తానని కిందికి దిగేది అందుకేనట.

"ఎందుకు సెప్పలేదు నాన్నా?"

"సెప్తే ఏటవుద్ది?" అన్నాడు. "మీ అమ్మ ఆ రోజే సామాన్లు కట్టీసి బొబ్బిలి రైలెక్కిస్తది. పెళ్ళిళ్ళకి నిన్నెవరు తీసుకెల్తారు? నువ్వు ఫోనుతో తీసిన నా ఫోటో సూసినాను. ముప్పై నాలుగేళ్ళు నేను అందరి పట్టాలూ సూసినాను గానీ, నన్ను అలగ సూసినోళ్ళు ఎవరూ లేరమ్మా. నీ చేతిలో పనుంది. ఉతై పెళ్ళి అవనీ. తరవాత నేనే సెప్తాను."

రోహిణికి ఏడుపు రావాల్సింది, కోపం వచ్చింది. ఆయన మీదా తన మీదా కూడా. ఎందుకంటే ఆ మాట విన్న వెంటనే లోపల ఒక మూల, సరే, బుధవారం దాకా ఆగుదాం అనుకుంది. ఆ మూల తనదే. నాన్న అబద్ధంలో తన లాభం ఉంది. ఆ సంగతి ఆమెకి తెలుసు, ఆయనకీ తెలుసు.

"ఎడమదో?" అని అడిగింది.

"నిక్షేపంలాగుంది. పట్టా సూడ్డానికి ఒక కన్ను సాలు గదా, రెండోది ఎలాగూ మూసుకుంటాం."

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు. చెయ్యి చాపి, "తాళం ఇయ్యి," అంది.

ఈ స్కూటరు తాళం సంగతి చెప్పాలి. పదకొండేళ్ళలో గురునాథరావు దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. బావమరిది వచ్చి అడిగితే ఆటోకి డబ్బులిచ్చి పంపించాడు. రోహిణికి స్కూటరు నేర్పింది ఆయనే అయినా, అది సెక్టర్ 7 గ్రౌండు దాటలేదు. గ్రౌండు గేటు రాగానే దిగు, దిగు అనేవాడు. అందుకని ఆమె పెద్ద యుద్ధానికే సిద్ధపడింది. నువ్వు నడిపితే నేను ఎక్కను, ఆటోలో పోతాను, అమ్మకి ఇప్పుడే ఫోను చేస్తాను అని మూడు బాణాలు వరసగా పెట్టుకుంది.

ఒక్కటీ అక్కర్లేకపోయింది. గురునాథరావు ఆమె అరచేతిలో తాళం పెట్టేసి, వెనక సీటు తడుముకుని కూర్చున్నాడు. గెలిచాననుకుంది రోహిణి. మొదటిసారి నాన్న తన మాట విన్నాడనుకుంది.

సాయంత్రం ఐదు దాటింది. ఎండ పల్చబడి, ప్లాంటు పొగ అంచున ఎర్రబడుతోంది. రోహిణి మెయిన్ రోడ్డు ఎక్కింది. కెమెరా సంచీ ఇద్దరి మధ్యా ఉంది. ఆయన చెయ్యి ఆమె భుజం మీద ఉంది. మామూలుగా నేర్పేటప్పుడు బ్రేకు, హారను, ఎడమకి, మెల్లగా అని చెవి తినేసేవాడు, ఇప్పుడు ఒక్క మాట లేదు. చౌరస్తా దగ్గర అలవాటులో, కుడివైపు నుంచి ఏటైనా వస్తందా నాన్నా అని అడిగేసి నాలిక కరుచుకుంది. భుజం మీద వేళ్ళు కాస్త బిగుసుకున్నాయి. ఆమె తనే తిరిగి చూసింది. డంపరు లారీ ఒకటి వస్తోంది. ఆగింది. అది పోయాక దాటింది.

దారి పొడవునా మనసు కుదురుగా లేదు. బుధవారం పెళ్ళికి తనే నడుపుతుంది, నాన్న వెనక కూర్చుంటాడు. అమ్మ అడిగితే ప్రాక్టీసు అని చెప్పొచ్చు. పెళ్ళి అయ్యాక నిజం చెప్పొచ్చు. చెప్పాక అమ్మ తిడుతుంది, ఏడుస్తుంది, తర్వాత ఒప్పుకుంటుంది. మణిమాల దీదీ వెడల్పు ఫోటోలు తీస్తుంది, తను ఈ చిన్న లెన్సుతో ముఖాలు తీస్తుంది. సెక్టర్ 7 మలుపు వచ్చేసరికి రోహిణి ఆ కథని ముగింపుదాకా అల్లేసింది. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికి ఎక్కినట్టు, బుధవారమే గడవని పిల్ల మార్చి దాటి వెళ్ళిపోయింది.

నూకమ్మ బాల్కనీలో ఆరేసిన బట్టలు తీస్తోంది. సందులోకి స్కూటరు తిరగడం చూసింది. ముందు కూతురు, వెనక భర్త. ఆమె చేతిలోని దుప్పటి సగం తాడు మీదే ఉండిపోయింది. రోహిణి స్కూటరు ఆపేలోపే మెట్లు దిగి కిందికి వచ్చేసింది.

"అమ్మా, కొనేశాం," అంది రోహిణి, సంచీ పైకెత్తి. ముఖాన లేని నవ్వు తెచ్చిపెట్టుకుంది. "నాన్న పాస్ చేశారు."

నూకమ్మ సంచీ వంక చూడలేదు. స్కూటరుకి వేలాడుతున్న తాళం వంక చూసింది, ఆ తర్వాత వెనక సీటు మీంచి దిగుతున్న భర్త వంక చూసింది. ఎప్పటిలాగే ఆయన కుడిపక్కకి వెళ్ళి నిలబడింది.

"కుడిది పోయిందని నాకు దసరా కాణ్ణించీ తెలుసు," అంది మెల్లగా. "నువ్వే సెప్తావని ఊరుకున్నాను. పదకొండేళ్ళలో ఈ తాళం ఎవుళ్ళకీ ఇయ్యనోడివి. ఇయాల ఇచ్చినావంటే ఎడమదానికేటయింది?"

రోహిణి తండ్రి వైపు తిరిగింది. ఒక్క మాట చాలు. ఇందాక అన్న మాటే, నిక్షేపంలాగుందని మళ్ళీ ఒక్కసారి అంటే చాలు.

గురునాథరావు ఆ మాట అనలేదు. ఇంకా చీకటి పడలేదు, మెట్లు ఎదురుగానే ఉన్నాయి. మొదటి మెట్టు ఎక్కడుందో కాలితో తడుముతున్నాడు.